నాన్నగారికి నీటికాసులు అన్నారు: ఆపరేషన్‌తో చూపు వస్తుందా, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలి?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరు కూడా చదువుతారు కదా. ఒంగోలు దగ్గర పల్లెలో ఉండే మీ నాన్నగారికి 58 ఏళ్లు. చదివే అద్దాలు మార్పించుకుందామని వెళితే, కంటి ఒత్తిడి కుడివైపు 26, ఎడమవైపు 28 ఉందనీ, ఎడమకంటి నరంలో ‘కప్పు 0.8’ ఉందనీ చీటీ మీద రాసిచ్చారు. ఇది గ్లకోమా అని, అంటే నీటికాసులు అని, జీవితాంతం చుక్కల మందు వేయాలని చెప్పారు. ఆయనకు నొప్పి లేదు. పేపరు చదువుతున్నారు, బండి నడుపుతున్నారు. అందుకే ‘ఆపరేషన్ చేయించేస్తే పోతుంది కదా, రోజూ ఈ చుక్కలెందుకు’ అంటున్నారు. మీరు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నారు. నరం 80 శాతం పోయిందేమోనని భయపడుతూ, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలని, తిండిలో ఏమైనా మార్చాలా అని అడిగారు.

నేరుగా జవాబు ఇది. పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. ఉన్న చూపును మాత్రం చాలామందిలో జీవితాంతం నిలబెట్టవచ్చు. రాసిచ్చిన చుక్కలు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టించండి. అయితే ఆయనకు ఉబ్బసం గానీ, నాడి నెమ్మదిగా కొట్టుకునే గుండె జబ్బు గానీ ఉంటే, చుక్క వేయకముందే ఆ సంగతి రాసిచ్చిన డాక్టరుకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఒకటి రెండు వారాల్లో, గ్లకోమాకు ప్రత్యేక విభాగం ఉన్న పెద్ద కేంద్రంలో ఒక్కసారి పూర్తి పరీక్షలు చేయించండి. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవడానికి ఇంటికి దగ్గరలో ఒక డాక్టరును కుదుర్చుకోండి. ఈ రెండో పనిని చాలా కుటుంబాలు వదిలేస్తాయి. నా అనుభవంలో చూపు ఎక్కువగా పోయేది అక్కడే.

నేను కంటి వైద్యురాలిని. గ్లకోమాలో ప్రత్యేక శిక్షణ పొంది, చాలా ఏళ్లుగా కోస్తా జిల్లాల రోగులనే చూస్తున్నాను. మీ నాన్నగారి కళ్లను నేను పరీక్షించలేదు కనుక, ఆయన మందుల విషయంలో తుది మాట ఆయన్ను చూసే డాక్టరుదే. ఎందుకు, ఎలా అన్నవి మాత్రం వివరంగా చెబుతాను.

కంటి లోపల ఒక నీరు ఎప్పుడూ తయారవుతూ ఉంటుంది. ఏడిస్తే వచ్చే కన్నీటికీ దీనికీ సంబంధం లేదు. ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) వెనుక పుట్టి, కంటిపాప గుండా ముందుకు వచ్చి, నల్లగుడ్డు పైపొర (కార్నియా) ఐరిస్‌ను కలిసే మూలలో ఉన్న సన్నని రంధ్రాల గుండా బయటికి పోయి రక్తంలో కలుస్తుంది. చెరువులోకి వచ్చే నీరు వస్తూనే ఉండి తూము పూడుకుపోతే, మట్టం పెరిగి కట్ట మీద భారం పడుతుంది. ఇక్కడ కట్ట స్థానంలో ఉన్నది కంటి వెనుక భాగంలోని దృష్టి నాడి. అందులో సుమారు 12 లక్షల సన్నని పోగులు ఉంటాయి. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ మెదడుకు చేరవేసేవి అవే. చనిపోయిన పోగు మళ్లీ పుట్టదు.

శుక్లంతో పోల్చి చూసుకోవడం వల్లే మీ నాన్నగారికి ఆపరేషన్ మీద అంత నమ్మకం. ఊళ్లో ఎవరో ఒకరు శుక్లం తీయించుకుని మర్నాడే పేపరు చదివి ఉంటారు. శుక్లంలో మసకబారింది కటకం. దాన్ని తీసి కొత్తది పెడతారు. నీటికాసుల్లో దెబ్బతిన్నది నాడి. దాన్ని మార్చే వైద్యం ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. గ్లకోమాకు చేసే చుక్కలు, లేజర్, ఆపరేషన్ అన్నీ చేసే పని ఒక్కటే: ఒత్తిడి తగ్గించి, మిగిలిన పోగులను కాపాడటం. శుక్లం లాగా ‘ముదిరాక చూద్దాం’ అనుకుంటే నష్టం పూడ్చలేనిది.

ఆయనకు ఏమీ తెలియకపోవడంలో వింత లేదు. ఈ జబ్బు సాధారణంగా చూపు అంచుల నుంచి మొదలవుతుంది. ఒక కంటిలో పోయిన భాగాన్ని రెండో కన్ను చూపిస్తుంది, మిగిలిన ఖాళీని మెదడు పూరించేస్తుంది. నడి చూపు, అంటే అక్షరాలు చదివే చూపు, చాలావరకు ఆఖరున పోతుంది. అందువల్ల కంటి పరీక్షలో చివరి వరుస దాకా చదివిన మనిషికి కూడా జబ్బు బాగా ముదిరి ఉండవచ్చు. ఇంట్లోవాళ్లను అడిగితే కొన్ని సంగతులు బయటపడతాయి: మెట్టు తప్పుతున్నారు, గడపకు కాలు తగులుతోంది, పక్క నుంచి వచ్చే బండిని ఆలస్యంగా గమనిస్తున్నారు, సాయంత్రం మసక వెలుతురులో తడబడుతున్నారు. మీ అమ్మగారిని ఒకసారి అడగండి. వీటిలో ఏదైనా ఉంటే, చూపు పరిధి పరీక్ష అయ్యేవరకు ఆయన్ను రాత్రిపూట బండి నడపనివ్వకండి.

ఇది మన ప్రాంతంలో ఎంత గుట్టుగా ఉందో కొలిచి చూసినవారు ఉన్నారు. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ తిరిగి కంటి జబ్బుల మీద పెద్ద సర్వే చేసింది. అందులో హైదరాబాదు నగర భాగంలో నీరు పోయే మూల తెరిచి ఉండే రకం గ్లకోమా ఉన్నట్లు తేలినవారిలో పదింట తొమ్మిది మందికి ఆ సంగతి అంతవరకూ తెలియదు. సగానికి పైగా మందిలో పరీక్ష రోజున ఒత్తిడి మామూలు హద్దుల్లోనే ఉంది. అంటే ఒత్తిడి ఒక్కటే కొలిచి ‘మీకేమీ లేదు’ అనడం చాలదు, నరాన్ని చూడాలి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ప్రభుత్వాలు కంటి వెలుగు శిబిరాలు పెట్టి లక్షల మందికి అద్దాలు ఇచ్చాయి, మంచి పని. కానీ శిబిరంలో అద్దాలు తీసుకున్నంత మాత్రాన గ్లకోమా లేదని తేలినట్లు కాదు.

మీ నాన్నగారు అద్దాల కోసం వెళ్లినప్పుడు ఒత్తిడి కొలిచి, నరం కూడా చూసిన ఆ డాక్టరు నిజంగా మేలు చేశారు.

ఇక 0.8 సంగతి. కప్పు 0.8 అంటే నరం 80 శాతం పోయిందని కాదు. దృష్టి నాడి కంటిలోకి వచ్చే చోట గుండ్రని పళ్లెంలాంటి భాగం ఉంటుంది, దాని మధ్యలో దాదాపు అందరికీ ఒక గుంట ఉంటుంది. మొత్తం వ్యాసంలో ఆ గుంట వాటా ఎంతో చెప్పే అంకె అది. పుట్టుకతోనే నరం పెద్దదిగా ఉన్నవారికి 0.6 ఉన్నా జబ్బు లేకపోవచ్చు. నరం చిన్నగా ఉన్నవారికి 0.5 కూడా అనుమానించదగ్గదే. అయినా 0.8ని తేలికగా తీసుకోకూడదు, ఒత్తిడి 28 ఉన్నప్పుడు అసలు తీసుకోకూడదు. నిజంగా ఎంత చూపు పోయిందో చెప్పేది చూపు పరిధి పరీక్ష. రెండు కళ్ల అంకెల మధ్య తేడా ఎంతో కూడా ముఖ్యమే, మీరు కుడికంటి అంకె రాయలేదు.

పెద్ద కేంద్రానికి వెళ్లినప్పుడు ఏయే పరీక్షలు జరగాలో చెబుతాను. వీటిలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది గోనియోస్కోపీ. కంటికి మత్తు చుక్క వేసి, చిన్న అద్దాలున్న కటకాన్ని కంటి మీద ఆనించి, నీరు బయటికి పోయే మూలను నేరుగా చూస్తారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని. ఆ మూల తెరిచి ఉందా, మూసుకుపోయి ఉందా అన్నది దీనితోనే తేలుతుంది. ఈ రెంటికీ వైద్యం వేరు. మూల తెరిచి ఉంటే చుక్కలతోనో ఒక రకం లేజర్‌తోనో మొదలుపెడతారు. మూసుకుపోతూ ఉంటే ముందు ఐరిస్ అంచున లేజర్‌తో సన్నని రంధ్రం చేసి నీటికి దారి ఇవ్వాలి. ఈ మూసుకుపోయే రకం ఐరోపా వారిలో కన్నా మన ఆసియా వారిలో ఎక్కువ. ఏళ్ల తరబడి చుక్కలు వాడుతూ, ఒక్కసారి కూడా ఈ పరీక్ష జరగని రోగులు నా దగ్గరకు తరచూ వస్తుంటారు. రద్దీ ఓపీలో సమయం పడుతుందని వదిలేస్తారు. మీరు మొహమాటపడకుండా అడగండి: ‘గోనియోస్కోపీ చేశారా అండీ, మూల తెరిచి ఉందా?’ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే ఇది జరగాలి. మూల బాగా ఇరుకుగా ఉన్న కంటిలో ఆ చుక్కలే ఒత్తిడిని ఒక్కసారిగా పెంచగలవు.

ఒత్తిడిని గాలి ఊది కొలిచే యంత్రం తొలి పరీక్షకు సరిపోతుంది. వైద్యం నిర్ణయించేటప్పుడు మాత్రం నీలి కాంతితో కంటిని తాకి కొలిచే గోల్డ్‌మన్ పరికరం కావాలి. మామూలు ఒత్తిడి 10 నుంచి 21 అంటారు. నల్లగుడ్డు పొర మందంగా ఉంటే అంకె ఎక్కువగా, పల్చగా ఉంటే తక్కువగా చూపిస్తుంది కాబట్టి ఆ మందాన్ని కూడా ఒకసారి కొలుస్తారు. అద్దాలు పోవడానికి లేజర్ చేయించుకున్నవారు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, వారి అంకె నిజం కన్నా తక్కువగా వస్తుంది. రోజులో వేళను బట్టి కూడా ఒత్తిడి మారుతుంది. ఒక్క కొలతను పట్టుకుని సంబరపడటం, కుంగిపోవడం రెండూ వద్దు.

చూపు పరిధి పరీక్ష దగ్గర పెద్దవాళ్లు బెదిరిపోతారు. గిన్నెలాంటి తెర ముందు కూర్చోబెట్టి, మధ్య చుక్కనే చూస్తూ, ఎక్కడ వెలుగు కనబడినా బొత్తం నొక్కమంటారు. చాలా వెలుగులు కనబడవు. ఆ యంత్రం కావాలనే కనబడీ కనబడనంత మందమైన వెలుగులు చూపిస్తుంది, నాకైనా అన్నీ కనబడవు. ఈ ముక్క ముందే చెప్పి కూర్చోబెడితే మీ నాన్నగారు కంగారుపడరు. మొదటిసారి ఫలితం సరిగా రాకపోవడం మామూలే, రెండోసారి చేస్తే నమ్మదగినది వస్తుంది. నరం పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్‌లో ఎర్ర రంగు కనబడగానే భయపడకండి. మైనస్ పవర్ ఎక్కువున్నవారికి జబ్బు లేకుండానే ఎర్రగా రావచ్చు. ఆ కాగితాలన్నీ కలిపి చదవాల్సింది డాక్టరు.

మూల మూసుకుపోయే రకం గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇందులో కొందరికి ఒత్తిడి గంటల్లో 50, 60కి ఎగబాకుతుంది. కన్ను ఎర్రబడి, సగం తల పగిలిపోతున్నంత నొప్పి, వాంతులు, మసక, దీపాల చుట్టూ రంగుల వలయాలు. ఎక్కువగా నలభై యాభై దాటిన ఆడవాళ్లలో, దూరానికి కూడా ప్లస్ పవర్ అద్దాలు వాడేవారిలో చూస్తాం. వాంతులు, తలనొప్పి అనగానే కడుపు జబ్బనో పార్శ్వనొప్పి అనో అనుకుంటారు. అలా ఒక గృహిణిని రెండు రోజులు వాంతులకు సెలైన్ ఎక్కించి, తలకు స్కాన్ కూడా తీశాక మా దగ్గరకు తెచ్చారు. ఆ కంటిలో వెలుగు తెలియడం తప్ప ఏమీ మిగల్లేదు. రెండో కంటికి అదే రోజు లేజర్ చేశాం, ఆ కన్ను ఇప్పటికీ బాగుంది. కన్ను ఎర్రబడి, నొప్పితో పాటు వాంతులు, మసక ఉంటే అది అత్యవసరం. తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే కంటి డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మీ ఇంట్లో అసలు తగాదా అయిన చుక్కల మందు.

ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు నా దగ్గర చుక్కలు మొదలుపెట్టారు. ఒత్తిడి 30 నుంచి 17కి దిగింది. ఆరు నెలల తర్వాత రావడం మానేశారు. మళ్లీ కనిపించేసరికి రెండేళ్లు దాటింది, ఒక కన్ను దాదాపు పోయింది. ‘చుక్కలు వేస్తున్నా చూపు పెరగడం లేదమ్మా, ఇంకెందుకని మానేశాను’ అన్నారు. చూపు పెరగదని ఆయనకు మొదటి రోజే చెప్పాం. కానీ ఒక్క రోజు చెబితే ఎవరికీ నిలవదు, ఇంట్లోవాళ్లు చెబుతూ ఉండాలి. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు బీపీ మాత్రతో పోల్చి చెప్పి చూడండి. బీపీ మాత్ర వేసుకున్న రోజున ఒంట్లో ఏ తేడా తెలియదు, అయినా వేసుకుంటాం. ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు, అంటే ఆ అంకె ఒకటి, తగ్గినా జబ్బు ముదిరే అవకాశం సుమారు పది శాతం తగ్గుతుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. ఆయన చుక్కతో కొనుక్కునేది ఆ తగ్గింపునే.

సాధారణంగా మొదట ఇచ్చేది రాత్రికి ఒకే ఒక్క చుక్క వేసే రకం: లాటనోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, బైమాటోప్రోస్ట్ లాంటివి. మొదట్లో కాస్త ఎర్రబడవచ్చు. రెప్పవెంట్రుకలు పొడుగవుతాయి, కంటి చుట్టూ చర్మం కొద్దిగా నల్లబడుతుంది. ఇవి ప్రమాదం కాదు, చెప్పకపోతే మాత్రం భయపడి మానేస్తారు. టిమోలాల్ రోజుకు రెండుసార్లు వేసే పాత మందు, చవక, బాగా పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఇది ప్రాణాంతకం కాగలదు. నేను మొదట్లోనే ఆ ప్రశ్న వేసింది అందుకే. బ్రిమోనిడిన్ కొందరిలో కొన్ని నెలల తర్వాత దురద, ఎర్రదనం తెస్తుంది, మార్చవచ్చు. పసిపిల్లలకు మాత్రం అది వేయకూడదు. ఎసిటజోలమైడ్ మాత్రలు ఇస్తే వేళ్లకు తిమ్మిర్లు వస్తాయి, మూత్రం ఎక్కువ పోతుంది; ఇవి ఎక్కువగా కొద్దికాలానికే ఇస్తారు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

మందు ఎంత మంచిదైనా బుగ్గ మీద పడితే ఫలితం సున్నా. నా గదిలో ప్రతి కొత్త రోగి చేతా నా ఎదుటే చుక్క వేయిస్తాను, చాలామందికి సీసా మొన కనురెప్పకు తగులుతుంది, లేదా మూడు నాలుగు చుక్కలు కారిపోతాయి. సరైన పద్ధతి: తల వెనక్కి వాల్చి, లేదా పడుకుని, కింది రెప్పను వేలితో కిందికి లాగి, ఏర్పడిన సంచిలో ఒక్క చుక్క. కన్ను పట్టేది ఒక్క చుక్కలోపే, రెండోది వృథా. తర్వాత కన్ను మెల్లగా మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. అలా చేస్తే మందు గొంతులోకి, రక్తంలోకి తక్కువగా పోతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య కనీసం ఐదు నిమిషాలు విరామం. చేయి వణికితే మీ అమ్మగారు వేయవచ్చు. సీసా తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాయండి, నెల దాటితే పారేయండి. కొన్ని కంపెనీల సీసాలను తెరిచేవరకు ఫ్రిజ్‌లో ఉంచాలి, అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. రాత్రి అన్నం తిన్నాకనో, సీరియల్ అయ్యాకనో, రోజూ జరిగే ఒక పనికి చుక్కను జతచేస్తే మరిచిపోరు. డాక్టరు దగ్గరకు వెళ్లే రోజున కూడా మానకూడదు.

చుక్కలు వద్దనే వారికి వేరే దారి లేదా? ఉంది. మూల తెరిచి ఉన్న రకమైతే ఎస్‌ఎల్‌టీ అనే లేజర్ చేయవచ్చు. బెడ్ మీద పడుకునే పని లేదు, కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో చేస్తారు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. మొదటి వైద్యంగా ఈ లేజర్ చేయించుకున్నవారిలో మూడేళ్ల తర్వాత సుమారు నాలుగింట మూడొంతుల మందికి చుక్కల అవసరం లేకుండానే ఒత్తిడి అదుపులో ఉంది. కొన్నేళ్లకు ప్రభావం తగ్గవచ్చు, మళ్లీ చేయవచ్చు. మీ నాన్నగారు చుక్కలు వేసుకోరని మీకు గట్టిగా అనిపిస్తే, ఈ విషయం డాక్టరును అడగడంలో తప్పు లేదు. వేసుకోని చుక్క కన్నా లేజర్ మేలని నా అభిప్రాయం. లేజర్ అయ్యాక పరీక్షలకు రావడం మాత్రం ఆగకూడదు.

ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్ చుక్కలతో, లేజర్‌తో ఒత్తిడి దిగనప్పుడు, లేదా జబ్బు బాగా ముదిరి వచ్చినప్పుడు చేస్తారు. పై రెప్ప కింద తెల్లగుడ్డు పొరలో నీటికి కొత్త దారి తీస్తారు. కొన్ని వారాలు చూపు ఇంకాస్త మసకగా ఉండవచ్చు, తరచూ చూపించుకోవాలి. ఆ తర్వాత ఎన్నేళ్లయినా సరే, ఆ కన్ను ఎర్రబడి చీము, నొప్పి వస్తే అదే రోజు పరుగెత్తాలి. అది కూడా పనిచేయని కళ్లకు సన్నని గొట్టం అమర్చే వైద్యం ఉంది. మధురై అరవింద్ సంస్థకు చెందిన ఆరోల్యాబ్ తక్కువ ధరలో ఆ పరికరాన్ని తయారుచేయడం వల్ల మనలాంటి చోట్ల ఎంతోమందికి అందుబాటులోకి వచ్చింది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? ఒంగోలు నుంచి మీకు అనువైనది విజయవాడ దగ్గర తాడిగడపలో ఉన్న ఎల్‌వీ ప్రసాద్ కేంద్రం. 1987లో హైదరాబాదులో మొదలైన ఈ సంస్థకు విశాఖపట్నంలోనూ పెద్ద కేంద్రం ఉంది. డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూస్తారు. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, తిరుపతిలో అరవింద్, చెన్నైలో శంకర నేత్రాలయ కూడా మీకు చేరగలిగినవే. ప్రభుత్వ ఆసుపత్రులలో హైదరాబాదు మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి పేరున్నవి. ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ కంటి విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి, గ్లకోమా డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో, చూపు పరిధి యంత్రం పనిచేస్తోందో లేదో కనుక్కుని బయలుదేరండి. రోజంతా పడుతుంది. కంటిపాప పెద్దది చేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఆయన్ను ఒంటరిగా పంపకండి.

చాలామంది కొడుకులు, కూతుళ్లు ఇక్కడే పొరబడతారు. తల్లిదండ్రులను తాముండే నగరంలోని పెద్ద ఆసుపత్రికి ఒకసారి తెచ్చి చూపించి, ఫైలు చేతికిచ్చి పంపేస్తారు. తర్వాతి పరీక్ష మూడు నెలలకు. అప్పటికి కోతలు, పెళ్లిళ్లు, కొడుక్కి సెలవు దొరకదు. అలా ఏడాది గడిచిపోతుంది. గ్లకోమాకు గొప్ప డాక్టరును ఒకసారి కలవడం కన్నా, సరైన డాక్టరును ఏడాదికి నాలుగుసార్లు కలవడం ముఖ్యం. అందుకే పెద్ద కేంద్రంలో మూడు కాగితాలు రాయించుకోండి: ఏ రకం గ్లకోమా, ఒత్తిడి ఎంతలోపు ఉండాలి, చూపు పరిధి మళ్లీ ఎప్పుడు చేయాలి. ఒత్తిడి ఎంతలోపు అన్నది 21 అని అందరికీ ఒకటే కాదు. జబ్బు ఎక్కువగా ఉన్న కంటికి 12, 14 కావాల్సి రావచ్చు. ఆ కాగితాలు పట్టుకుని ఒంగోలులోనే కంటి డాక్టరు దగ్గర చూపించుకోవచ్చు. చుక్కలు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, తర్వాత మూడు నాలుగు నెలలకోసారి ఒత్తిడి. చూపు పరిధి మొదటి రెండేళ్లు కాస్త తరచుగా, తర్వాత ఏడాదికోసారి. ఏడాదికి ఒకసారి మాత్రం విజయవాడ.

దగ్గరి డాక్టరు ప్రత్యేక నిపుణుడే కానక్కర్లేదు. గోల్డ్‌మన్ పరికరంతో ఒత్తిడి కొలిచి, ప్రతిసారీ నరాన్ని చూసి, పాత కాగితాలతో పోల్చి, తేడా వస్తే పైకి పంపేవారైతే చాలు. అద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష దీనికి పనికిరాదు.

ఖర్చు విషయంలో దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి. ఒకే మందులో కంపెనీని బట్టి ధర చాలా తేడా ఉంటుంది. జన ఔషధి దుకాణాల్లో టిమోలాల్ వంటివి తక్కువకు దొరుకుతాయి. ఆపరేషన్ అవసరమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకం (ఆంధ్రలో ఇదివరకు ఆరోగ్యశ్రీ, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారింది) వర్తిస్తుందో లేదో ఆ ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి. డబ్బు లేక మానేశామని మూడు నెలల తర్వాత చెప్పేవారిని చూస్తే బాధేస్తుంది. ముందే చెబితే చవక మందుతోనే మొదలుపెట్టేవాళ్లం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటే, మొత్తం కాలానికి సరిపడా చుక్కలు, ఇంగ్లీషులో డాక్టరు చీటీ వెంట తీసుకెళ్లండి. అక్కడ బీమా లేకుండా ఈ మందులు కొనడం చాలా ఖరీదు.

తిండి గురించి అడిగారు. గ్లకోమాను తగ్గించే ఆకుకూర గానీ, తేనె చుక్కలు గానీ లేవు. కంట్లో ఆకుపసరు, తేనె, తల్లిపాలు పోయవద్దు. నడక మంచిది. శీర్షాసనం వేస్తే మాత్రం ఆ కాసేపు కంటి ఒత్తిడి రెట్టింపవుతుందని పరిశోధనల్లో తేలింది, ఆ అలవాటుంటే మానిపించండి. పొద్దున్నే లీటరు నీళ్లు ఒక్క గుక్కలో తాగే అలవాటుంటే కొద్దికొద్దిగా తాగమనండి. టీవీ, ఫోను చూడటం వల్ల ఈ జబ్బు రాదు, పెరగదు.

ఒకటి మాత్రం ఇంట్లో వెతకండి. కళ్ల దురదకో ఎర్రదనానికో మందుల దుకాణంలో అడిగి కొనుక్కున్న చుక్కలు ఉన్నాయేమో చూడండి. వాటిలో డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. దురద వెంటనే తగ్గుతుంది, అందుకే మళ్లీ మళ్లీ కొంటారు. నెలల తరబడి వాడితే కొందరిలో ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఎండాకాలం దురదకు ఇలా వాడి వాడి, పదో తరగతికి వచ్చేసరికి నరం ఎండిపోయిన పిల్లలను చూశాను. మీ నాన్నగారు అలాంటి చుక్కలు, మోకాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ మాత్రలు, ఉబ్బసానికి పీల్చే మందు ఏది వాడుతున్నా ఆ సీసాలు, పట్టీలు అన్నీ సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించండి. కారణం అదే అయితే వైద్యం దారే మారిపోతుంది. డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

చివరగా మీరు అడగని ప్రశ్నకు జవాబు. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో మిగతావారి కన్నా చాలా రెట్లు ఎక్కువగా వస్తుంది. మీ నాన్నగారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరికీ ఫోన్ చేసి కంటి నరం పరీక్ష చేయించుకోమనండి. మీకు నలభై దగ్గర పడుతుంటే మీరూ, మీ తోబుట్టువులూ చేయించుకోండి, ఏమీ లేదని తేలినా ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ వెళ్లండి. మేనరికాలున్న కుటుంబమైతే పసిపిల్లల సంగతి కూడా గమనించండి. బిడ్డ కళ్లు మామూలు కన్నా పెద్దవిగా ఉండి, నీరు కారుతూ, వెలుతురు చూడలేక మూసుకుంటుంటే, నల్లగుడ్డు మసకగా ఉంటే, ‘ఎంత పెద్ద కళ్లో’ అని మురిసిపోకుండా ఆ వారంలోనే పిల్లల గ్లకోమా చూసే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ ఆపరేషనే మొదటి వైద్యం, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

పరీక్షలయ్యాక గోనియోస్కోపీలో మూల ఎలా ఉందన్నారో, రెండు కళ్ల చూపు పరిధి ఎలా వచ్చిందో, ఏ చుక్కలు ఇచ్చారో ఇక్కడే రాయండి. చూసి చెబుతాను.